అబద్ధం బండి

మా ముత్తాత తండ్రి సదుం పైకొండల్లో ఒక చిన్న దుర్గానికి పాలెగాడు. ఆయన కొడుకు ఆ దుర్గాన్ని కుంఫిణీవాళ్లకు అప్పగించి, కింది పల్లెల్లో శిస్తు వసూలు చేసుకునే మిట్టదారుడయ్యాడు. మా తాత ఆ మిట్టను వ్యాజ్యాల్లో పోగొట్టుకున్నాడు. మా నాన్న మదనపల్లె కోర్టుకు జట్కాలో వెళ్లి నడిచి తిరిగి వచ్చేవాడు. ఇన్ని మెట్లు దిగినా మా ఇంట్లో ఒక వస్తువు మాత్రం కదలకుండా ఉండిపోయింది. అది నగారా. రాగి బాన, దాని మీద దున్నపోతు తోలు.

పాలెం రోజుల్లో ఏ కబురైనా ఆ నగారా మోగిన తర్వాతే ఊళ్లకు తెలిసేది. ఎద్దు వీపున నగారా కట్టుకుని మా మనిషి ఊరి నడుమకు వచ్చి నిలబడేవాడు. ఒక దెబ్బ వేసి ఒక మాట చెప్పేవాడు. మరో దెబ్బ, మరో మాట. మాట పూర్తికాకుండా ఎద్దును కదిలిస్తే వాడికి శిక్ష. మా నగారా మోగాక ఆ కబురు నిజమా అని అడిగినవాడు లేడని నాన్న చెప్పేవాడు. నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

ప్రభుత్వ ప్రచార శాఖల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, మీ రోజుల్లో ఈ పని ఎలా ఉండేదని అడుగుతూ ఉంటారు. ఖండన ప్రకటనలు రాయడంలో వాళ్లకు గట్టి శిక్షణే ఇస్తున్నారట. ఒక ఖండన వల్ల ఏమి జరగవచ్చో వాళ్లు తెలుసుకుంటారని ఇది రాస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం నడుమలో, మద్రాసు మీద బాంబులు పడతాయన్న భయంతో అక్కడి ఆఫీసులు కొన్ని మా మదనపల్లెకు తరలివచ్చిన కాలంలో, నాకు యుద్ధ ప్రచార శాఖలో ఉద్యోగం దొరికింది. నల్లరంగు మోటారు బండి, దాని నెత్తిన ఉమ్మెత్తపువ్వు ఆకారంలో ఒక లౌడ్‌స్పీకరు, లోపల మైకు. ఆఫీసు ఇచ్చిన కాగితాన్ని సంతల్లో, బజార్లలో చదవడం నా పని. చదువు స్కూలు ఫైనలు. గొంతు మాత్రం వంశపారంపర్యం.

ఈ సంగతి అమ్మకు చెప్పినప్పుడు ఆమె చెరుగుతున్న చేట ఆపి అడిగింది.

"మైకంటే ఏందప్పా?"

"మాట దూరానికి వినిపించే యంత్రమమ్మా."

"అంటే దండోరానే కదా. మన వాకిట్లో దండోరా వేసేవాళ్లను పెట్టుకోనుంటిమి. ఇప్పుడు నువ్వే వేస్తాండావా?"

"నెలకు జీతం వస్తుందమ్మా."

"వాళ్లకూ వచ్చేదిలే, గింజలు," అని మళ్లీ చేట అందుకుంది.

ఆ ఉద్యోగానికి నేను తలపాగా చుట్టుకునే వెళ్లాను. బండి డ్రైవరు పుంగనూరు సాయిబు. ఇంట్లో దక్కనీ, బయట తెలుగు మాట్లాడేవాడు. మొదటి రోజే నన్ను 'దొరా' అని పిలిచాడు. అతడు మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాను. అది ఎకసక్కెమని అర్థం కావడానికి చాలా నెలలు పట్టింది. అప్పటికి ఆ పిలుపు అలవాటైపోయింది. నేను మాన్పించలేదు.

ఇక శత్రు రేడియో సంగతి. బెర్లిన్ నుంచి హిందూస్థానీలోనూ, తూర్పున జపానువాళ్లు పట్టుకున్న ఊళ్ల నుంచి తమిళంలోనూ రోజూ వార్తలు వచ్చేవి. మొదటిది పుంగనూరు సాయిబులకు, రెండోది కుప్పంవాళ్లకు చక్కగా అర్థమయ్యేది. ఆ వార్తలను నలుగురికి వినిపించడం, విన్నది బయట చెప్పడం నేరం. అయినా ఆ రేడియోలు పెద్దగా సాధించగలిగిందేమీ లేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడు ఊళ్లలో రేడియో ఉన్న ఇళ్లను వేళ్ల మీద చెప్పవచ్చు. సదుంలో, కలకడలో అసలు రేడియో ముఖం చూసినవాళ్లే అరుదు.

ఆ లోటును మా శాఖ తీర్చింది.

పద్ధతి ఇది. పై ఆఫీసులో కొందరు కూర్చుని శత్రు రేడియో చెప్పిన ప్రతి మాటా రాసుకునేవారు. దానికి ఇంగ్లీషులో ఒక ఖండన తయారయ్యేది. దాన్ని ఒకాయన తెలుగులోకి మార్చేవాడు. అది మా చేతికి వచ్చేది. మాకు రెండు నిబంధనలు. కాగితంలోని అక్షరం మార్చకూడదు. చదివేటప్పుడు బండి ఆపకూడదు. ఆపితే జనం గుమిగూడతారు, గుమిగూడిన జనంలో ఎవడో లేచి స్వరాజ్యం గురించి మాట్లాడతాడని పైవాళ్ల భయం.

ఒక రోజు వచ్చిన కాగితం ఇలా ఉంది: "ఈ ప్రాంతపు రైతుల ఎద్దులనూ ఆవులనూ సైనికుల ఆహారం కొరకు సర్కారువారు బలవంతముగా పట్టుకొనిపోనున్నారనియు, మొదట సంతలలోని పశువులనే తోలుకొనిపోవుదురనియు, పశువులను దాచినవారికి కఠిన శిక్ష తప్పదనియు శత్రుదేశపు రేడియోవారు చేయుచున్న ప్రచారము శుద్ధ అబద్ధమని ప్రజలు గ్రహించవలెను."

మరునాడు పుంగనూరులో పశువుల సంత. నేను ఆ కాగితం పట్టుకుని మా ఆఫీసరు దగ్గరికి వెళ్లాను. ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి. మంచివాడే. మా ఎండలు, మా రాగిసంగటి, మా మాట, మూడూ ఆయనకు పడేవి కావు.

"వాక్యం చాలా పొడుగుంది సార్," అన్నాను.

"ఇంగ్లీషులో చక్కగా ఉందండీ. చూడండి."

"ఇంగ్లీషులో అబద్ధమన్న మాట ముందే వచ్చేసింది. మన భాషలో అది చివరికి పోయింది. ఆ మాట వచ్చేసరికి బండి పశువుల మైదానం దాటిపోతుంది."

ఆయన కళ్లజోడు తీసి నవ్వారు. "మీది పాలెగాళ్ల వంశమని విన్నాను. వ్యాకరణం కూడా మీ మిట్టలోనిదేనా అండీ?"

"బండి ఆపనివ్వండి. లేదా మాట మార్చుకోనివ్వండి."

"రెండూ నా చేతిలో లేవండీ. ఉన్నది ఉన్నట్టు చదవండి. బాధ్యత కాగితానిది."

బాధ్యత కాగితానిదన్న మాట అంతకు ముందు మా ఇంట్లో నేను ఎన్నడూ వినలేదు.

పుంగనూరు సంత ఎప్పటిలాగే నిండుగా ఉంది. మోకాలెత్తు పొట్టి ఆవులు, వాటి దూడలు, దున్నపోతులు, పళ్లు పట్టి చూసే దళారులు. అంచున ఒక సాయిబు గోనెపట్టా పరిచి పలుపుతాళ్లు, ముకుతాళ్లు, మువ్వపట్టెడలు అమ్ముతున్నాడు. అతడిని ప్రతి సంతలోనూ చూసేవాణ్ని. ఈ రోజు ఇక్కడ, ఆ తర్వాత వెంకటగిరికోట, ఆ తర్వాత కుప్పం. బండి మెల్లగా కదిలింది. నేను చదివాను. అక్షరం మింగలేదు. పశువుల మైదానంలో 'పట్టుకొనిపోనున్నారనియు' అన్నాను. చింతపండు, బెల్లం రాశుల దగ్గర 'శిక్ష తప్పదనియు' అన్నాను. 'శుద్ధ అబద్ధము' అన్న మాట కుండలవాళ్ల వీధిలో పలికాను.

కుండలమ్మే ఒక ముసలామె బండికి ఎదురుగా లేచి నిలబడింది. "ఏంది అబద్ధం? నా కుండలా? తట్టి సూడప్పా, తట్టి సూడు!"

డ్రైవరు పగలబడి నవ్వాడు. "దొరా, సగం మాట ఆడ పడింది, సగం ఈడ పడింది. రెండూ కలిపి కుట్టుకునేదానికి సంతలో దర్జీ ఉండాల."

అటునుంచి అటే సదుం దారి పట్టాము. పొద్దు వాలే వేళకు సదుం చేరువలో రైతులు కొందరు పశువులను ఆత్రంగా కొండ వైపు తోలుకుపోతూ కనిపించారు. డ్రైవరు తల బయటపెట్టి అడిగాడు.

"యాడికప్పా, ఈ పొద్దులో?"

"కొండకు. సర్కారోళ్లు గొడ్లను పట్టుకోని పోతారంట."

"ఎవురు సెప్పినారు?"

ఆ రైతు బండి నెత్తినున్న లౌడ్‌స్పీకరును ఒకసారి చూశాడు, డ్రైవరును ఒకసారి చూశాడు. "మీరే కదప్పా! పొద్దున సంతలో సెప్పి, ఇప్పుడు ఎవురు సెప్పినారంటావే!"

నేను నిబంధన పక్కనపెట్టి బండి ఆపించాను. దిగి నిలబడి చెప్పాను. "అది అబద్ధం. ఎవరూ పట్టుకుపోరు. సర్కారు చెప్పింది అదే."

అతడు నా తలపాగాను తేరిపార చూసి, కర్ర భుజాన వేసుకున్నాడు. "పొద్దున ఒకటి, మాపున ఒకటి. యాది నమ్మల్ల? సూడు సామీ, మీ మాట ఎట్లన్నా పోనీ, కొండ యాడికీ పోదు. నాలుగు దినాలు ఆడ్నే ఉంటాం." గొడ్లను అదిలించుకుని పోయాడు.

మా మాటను నమ్మని మనిషిని నేను చూడడం అదే మొదటిసారి.

మరుసటి వారం ఆఫీసరు పిలిచారు. పలుపుల సాయిబును కుప్పం సంతలో పోలీసులు పట్టుకున్నారట. అతడు అక్కడ పట్టా పరిచి, తెలిసిన రైతులతో 'గొడ్లను ఇంటికి తోలుకోండి, మాంసానికి పట్టుకుపోతారంట' అన్నాడు. ఎవరు చెప్పారని పోలీసులు అడిగితే 'సర్కారు బండి' అన్నాడు. వాళ్లు నవ్వారు. సర్కారు కాగితం తెప్పించి చూశారు. అందులో అబద్ధమని స్పష్టంగా ఉంది. కనుక ఇతడు విన్నది సర్కారు బండి మాట కాదు, శత్రు రేడియో. పైగా ఇతడికి హిందూస్థానీ వచ్చు. కేసు గట్టిగానే కట్టారు. రుజువైతే యుద్ధం ముగిసేదాకా జైలే.

"మీరు సాక్ష్యం చెప్పాలండీ," అన్నారు ఆఫీసరు. "కాగితం మొత్తం చదివారా అని అడుగుతారు. చదివాను అనండి. అది నిజమే కదా. అంతకు మించి ఒక్క మాట వద్దు. మీది తాత్కాలిక ఉద్యోగం, మరచిపోకండి."

సాక్ష్యానికి ముందు పుంగనూరులో రేడియో ఉన్న ఇళ్లకు వెళ్లి, ఈ పశువుల వార్త ఎవరైనా విన్నారేమో కనుక్కుని రమ్మన్నారు. వెళ్లాను. నన్ను చూడగానే అందరూ రేడియో మీద గుడ్డ కప్పారు. పాటలు తప్ప ఇంకేమీ వినం అన్నారు. చివరికి ఒక తోళ్ల వ్యాపారి కాస్త ధైర్యం చేశాడు.

"ఉన్న మాట సెప్తాండా. బెర్లినోడు జర్మనీ గొప్పలు సెప్పుకుంటాడు, మన గొడ్ల ఊసు వాడికి యాల? గొడ్ల మాట మేము విన్నింది మీ బండిలోనే."

వాకిలి దాటి వస్తుంటే, బండి దగ్గర ఒక ఆడమనిషి డ్రైవరుతో దక్కనీలో గట్టిగా మాట్లాడుతోంది. చేతులకు జనుము పీచు అంటుకుని ఉంది. నేను నోరు తెరిచి 'ఎవరు' అన్నానో లేదో, గిరుక్కున తిరిగింది.

"ఇదే గొంతు! అల్లా మీద ఆన, ఇదే గొంతు!"

పలుపుల సాయిబు భార్య. పలుపులు పేనేది ఆమె, అమ్మేది అతడు.

"అయ్యా, నా మొగుడు రేడియో మొగం సూసినోడు కాదు. ఆ దినం నేనూ ఆడ్నే ఉండా. గొడ్లు పట్టుకపోతారని ఈ బండి సెప్పింది. సంతంతా లేసిపొయ్యింది, ఒక పలుపు అమ్ముడుపోలేదు. తెలిసినోళ్లు మోసపోతారని ఆయప్ప కుప్పంలో సెప్పినాడు. మంచికే సెప్పినాడు కదా."

"ఆ మాట చివర అబద్ధమని కూడా చదివానమ్మా."

"సదివింటావు. మాకు యాడ వినబడింది?" ఆమె గొంతు తగ్గింది. "నాకు వేరేది వద్దు. మీరు సెప్పింది మీరే సెప్పినామని సెప్పండి. అంతే సాలు."

ఇంటికి వెళ్లి ఆ రాత్రి అన్నం తింటూ అమ్మకు చెప్పాను. అన్నం వడ్డిస్తూ ఆమె ఒక్కటే అడిగింది. "మాట నడుమ ఎద్దును కదిలించింది ఎవురు?"

"బండి కదలాలని పైవాళ్ల ఉత్తరువు."

"అయితే శిక్ష ఆ పలుపులోడికి యాల?"

మదనపల్లెలో విచారణ. కోర్టు రోడ్డు పక్కనే. కిటికీలు రోడ్డు మీదికి తెరుచుకుంటాయి. ఆవరణ నిండా కక్షిదారుల బండ్లు, విప్పి కట్టేసిన ఎద్దులు. మేజిస్ట్రేటు తమిళ దేశం మనిషి, తెలుగు తడుముకోకుండా మాట్లాడేవారు. పలుపుల సాయిబు బోనులో కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. భార్య గుమ్మం దగ్గర కూర్చుంది. మా ఆఫీసరు ముందు వరుసలో.

పోలీసు తరఫు ఇన్‌స్పెక్టరు నన్ను సాక్షి బోనెక్కించి అడిగాడు. "కాగితం మొత్తం చదివారా?"

"చదివాను."

"అబద్ధము అన్న మాటతో సహా?"

"సహా."

"చాలు," అని అతడు కూర్చున్నాడు. మా ఆఫీసరు ఊపిరి పీల్చుకున్నారు. గుమ్మం దగ్గర ఆమె కొంగు నోటికి అడ్డుపెట్టుకుంది.

నేను బోను దిగలేదు. "కోర్టువారు అనుమతిస్తే ఒక మాట," అన్నాను. "ఈ కాగితాన్ని కూర్చుని చదివితే ఎవరికైనా అర్థమవుతుంది. సంతకు దీన్ని ఎవరూ కూర్చోబెట్టి వినిపించలేదు. నడిచే బండిలో నుంచి వినిపించాము. ఆ బండి బయటే ఉంది."

ఇన్‌స్పెక్టరు లేచి అభ్యంతరం చెప్పాడు. ఆఫీసరు నా వైపు తల అడ్డంగా ఊపారు. మేజిస్ట్రేటు కాగితాన్ని మళ్లీ ఒకసారి చదువుకున్నారు. పెదవులు కదిలాయి. వాక్యం చివరికి చేరేసరికి ఆయనకే కాస్త ఆయాసం వచ్చినట్టుంది.

"సంతలో చదివినట్టే చదవండి," అన్నారు. "అదే గొంతు, అదే వేగం. రోడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి."

వెళ్లి బండి ఎక్కాను. డ్రైవరు అద్దంలోంచి నన్ను చూశాడు. "దొరా, ఉద్యోగం పొయ్యేటట్టు ఉండాదే?"

"పోనివ్వు."

"నాది కూడానా?" అన్నాడు గానీ, బండి కదిలించాడు.

నేను నగారా దగ్గర నిలబడ్డట్టు వెన్ను నిటారుగా పెట్టి చదివాను. కోర్టు కిటికీల ముందు 'పట్టుకొనిపోనున్నారనియు', గేటు దాటుతుండగా 'శిక్ష తప్పదనియు'. 'శుద్ధ అబద్ధము' అన్నది ఒక కాఫీ హోటలు ముందు పలికాను. అక్కడ ఎవరో లోపలి నుంచి 'కాఫీ సంగతేనా' అని అరిచారు.

బండి తిప్పుకుని వచ్చేసరికి కోర్టు ఆవరణ సగం ఖాళీ. మిగిలినవాళ్లు ఆదరాబాదరాగా కాడి కడుతున్నారు. వాయిదాలు పిలవకముందే కక్షిదారులు బండ్లెక్కి రోడ్డున పడ్డారు. ఒకడు వకీలు చేయి విదిలించుకుని ఎద్దుల వెంట పరుగెత్తుతున్నాడు. "భూమి యాడికీ పోదు సామీ, ఎద్దులు పోతాయి!"

లోపలికి వెళ్లాను. మేజిస్ట్రేటు కిటికీలోంచి ఆవరణను చూస్తున్నారు. అప్పుడు ఆయన వెనకాల నిలబడిన బిళ్ల బంట్రోతు, వయసు మళ్లినవాడు, చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు.

"అయ్యా, తమరు సెలవిస్తే ఇంటికి పోయొస్తా. ఒక జత ఎద్దులుండాయి. ఇంట్లో ఆడోళ్లే ఉండారు."

మేజిస్ట్రేటు అతడి వైపు తిరిగారు. "ఏమని విన్నావు?"

"గొడ్లను పట్టుకపోతారని, అయ్యా. సర్కారు బండి సెప్పింది."

"రేడియో ఉందా నీకు?"

"నాకు గడియారమే లేదయ్యా."

పలుపుల సాయిబును ఆ పూటే వదిలేశారు. సంతల్లో లేనిపోని మాటలు చెప్పవద్దని మందలించారు కూడా. అతడు దండం పెట్టి, "సర్కారు సెప్పినవి గూడానా అయ్యా?" అని అడిగాడు. కోర్టువారు కేసు కట్ట మూసేశారు. వెళ్లిపోయినవాళ్లకు నచ్చజెప్పడానికి మా బండిని ఊరి చుట్టూ తిప్పమని ఉత్తరువిచ్చారు. ఈసారి కూడలి కూడలికీ ఆపి, ఒక మాటకు ఒకసారి చొప్పున చెప్పాను. ఎంతమంది నమ్మారో చెప్పలేను.

ఆఫీసరు వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత నన్ను మైకు నుంచి తప్పించి, కుప్పంలో గోడపత్రికలు అంటించే పనికి వేశారు. అందులో ఆయన పగ ఏమీ లేదు. పైవాళ్లు ఇంతకన్నా గట్టిగా అడిగితే ఈయనే తగ్గించారని తర్వాత విన్నాను. బంకడబ్బా పట్టుకుని కుప్పం స్టేషను గోడల ముందు నిలబడినప్పుడు కూడా నేను తలపాగా తీయలేదు.

కోర్టు సంగతి పై ఆఫీసుకు చేరింది. కొత్త నిబంధన వచ్చింది. ఇకమీదట ప్రతి ఖండనలోనూ అబద్ధము అన్న మాటే ముందు రావాలి, బిగ్గరగా, ముమ్మారు చెప్పాలి, ఆ తర్వాతే మిగిలిన వాక్యం. నా చోట చేరిన కుర్రవాడు అక్షరం తప్పకుండా పాటించాడు. ఆ బండి కుప్పం సంతలోకి మొదటిసారి వచ్చినప్పుడు నేను గోడ దగ్గరే ఉన్నాను. "అబద్ధము! అబద్ధము! అబద్ధము!" అని అరుచుకుంటూ వచ్చింది. ఆ తర్వాతి మాటలు ఎప్పటిలాగే ఎడ్ల మువ్వల్లో కలిసిపోయాయి. జనం నవ్వుతూ దారి ఇచ్చారు. పలుపుల సాయిబు తన పట్టా మీద నుంచి లేచి, సంత అంతటికీ వినిపించేలా అన్నాడు.

"జరగండప్పా, జరగండి! అబద్ధం బండి వస్తాండాది!"

యుద్ధం ముగిసేదాకా దానికి అదే పేరు. వెంకటగిరికోట నుంచి కలకడ దాకా పిల్లలు కూడా అలాగే పిలిచేవారు. సర్కారు చెప్పిన నిజాలు కూడా, బియ్యం రేషను గురించీ మశూచి టీకాల గురించీ, ఆ పేరుతోనే ఊళ్లు తిరిగాయి. శత్రు రేడియో ఎంత గొంతు చించుకున్నా మా ఊళ్లలో ఇంత పని చేయగలిగేది కాదు.

ఇప్పుడు ఖండనలు రాసే పిల్లలకు నేను చెప్పగలిగింది కొంచెమే. ఎదుటివాడి అబద్ధాన్ని మీ నోటితో చెబితే, అది మీ మాటగానే ఊరికి చేరుతుంది. చెప్పక తప్పనప్పుడు నిలబడి చెప్పండి. మాట ముగిసేదాకా కదలకండి.

యుద్ధం తర్వాత శాఖను ఎత్తేశారు. బండిని వేలంలో వెంకటగిరికోట బెల్లం మండీవాళ్లు పాడుకున్నారు. ఉద్యోగం పోయిన ఆ ఏడాదే మా ఇంటి నగారాను పుంగనూరులో ఒక బిందెల వ్యాపారికి అమ్మాము. తోలు కోసి పక్కన పడేసి, రాగిని మాత్రమే తూచుకున్నాడు.